‘ఈజీ’ అన్న ట్రెయిల్ ఎవరికి ఈజీ? కుటుంబ నడకల కోసం ట్రెయిల్ యాప్‌ల రివ్యూ

చిన్నపిల్లలతోనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతోనో నడవడానికి దారి వెతుక్కునేవాళ్లకు ఆల్‌ట్రెయిల్స్, కోమూట్, ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ నాలుగూ పనికొచ్చేవే. అయితే అన్ని పనులూ ఒక్కదానితో జరగవు. దారి ఎంచుకోవడానికి ఆల్‌ట్రెయిల్స్, నేల ఎలాంటిదో తెలుసుకోవడానికి కోమూట్, నడిచేటప్పుడు చేతిలో ఉండటానికి ఆర్గానిక్ మ్యాప్స్ బాగుంటాయి. వీటిలో దేన్నైనా సరే, పేరు పక్కన కనిపించే ‘ఈజీ’ ముద్ర చూసి మాత్రం బయల్దేరకండి. యాప్ ఇచ్చే సమాచారంలో అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది అదే.

ఆల్‌ట్రెయిల్స్‌కి అసలు బలం ఫిల్టర్లు, తేదీలతో ఉండే రివ్యూలు. దూరం, ఎక్కుడు (దారిలో మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలో), పిల్లలకు అనువా, చంటిపిల్లల తోపుడు బండి (స్ట్రోలర్) వెళ్తుందా, చుట్టు తిరిగి మొదటికే వచ్చే దారా, వెళ్లిన దారినే వెనక్కి రావాలా అన్నవన్నీ వడగట్టుకోవచ్చు. చుక్కల రేటింగును పట్టించుకోనక్కర్లేదు. చాలామంది చుక్కలిచ్చేది పైనుంచి కనిపించే దృశ్యానికి, కాళ్ల కింద నేలకు కాదు. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, మీరు వెళ్లే కాలంలో రాసినవి చదవండి. ‘వేర్లు’, ‘జారింది’, ‘వాగు దాటాం’, ‘మెట్లు’, ‘గేటు’ లాంటి మాటలు కనపడితే ఆగి చూడండి. ‘చాలా తేలిక, గంటలో అయిపోయింది’ అని రాసినాయన వారం వారం కొండలెక్కే మనిషి అయ్యుండొచ్చు. ఫొటోల్లో కూడా దూరపు కొండల్ని వదిలేసి దారి కనిపించేవి పెద్దవి చేసి చూడాలి. పక్కపక్కన ఇద్దరు నడవగలరా, రాళ్లు పాతుకుని ఉన్నాయా, కదులుతున్నాయా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఇక ఎత్తు సంగతి. జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే. 4 కిలోమీటర్ల దారి, మొత్తం ఎక్కుడు 120 మీటర్లు అని ఉందనుకోండి. సగటున 3 శాతం వాలు, పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్లిపోతారు. కానీ ఆ 120లో 80 మీటర్లు ఒక్క 400 మీటర్ల ముక్కలోనే ఉంటే? అక్కడ వాలు 20 శాతం. నాలుగేళ్ల పిల్ల ఎత్తుకోమని చేతులు చాచేది అక్కడే. అందుకే మొత్తం అంకెను వదిలి, దారి పొడవునా ఎత్తు ఎలా మారుతుందో చూపే గ్రాఫ్ చూడాలి. అందులోనూ ఒక మెలిక ఉంది: చాలా యాప్‌లలో గ్రాఫ్ నిలువు కొలతను దారికి తగ్గట్టు సాగదీస్తారు. 20 మీటర్ల మిట్టా, 300 మీటర్ల కొండా తెరమీద ఒకేలా కనిపిస్తాయి. ఆకారం కంటే ముందు ఎడమవైపు అంకెలు చదవండి. నిటారుగా ఉన్న ముక్క మీద వేలు జరిపితే ఎంత దూరంలో ఎంత ఎత్తు పెరిగిందో తెలుస్తుంది. ఎత్తును దూరంతో భాగించి వందతో గుణిస్తే వాలు శాతం వస్తుంది. 5 లోపు అయితే నడవగలిగిన ఎవరికైనా ఫర్వాలేదు. 10 దాటితే చిన్నపిల్లలు నెమ్మదిస్తారు. 15 దాటి, పైన వదులు కంకర కూడా ఉంటే దిగేటప్పుడు జారతారు.

దిగడం అన్నాను కాబట్టి, చుట్టు దారి దొరికితే నిటారుగా ఉన్న వైపు ఎక్కి, ఏటవాలు తక్కువున్న వైపు దిగండి. ఎక్కుడులో ఆయాసమే వస్తుంది, ఆగితే పోతుంది. జారడాలూ మోకాళ్ల బాధలూ దిగేటప్పుడే ఎక్కువ. యాప్ చూపించే దిశ ఎవరో ఒకరు నడిచిన దిశ మాత్రమే, దాన్నే పట్టుకు వేలాడక్కర్లేదు.

ఒకే దారికి ఎక్కుడు ఒక యాప్ 140 మీటర్లు, ఇంకోటి 190 మీటర్లు చూపిస్తే కంగారు పడొద్దు. కొన్ని లెక్కలు దాదాపు 30 మీటర్ల గళ్లుగా కొలిచిన భూమి ఎత్తుల నుంచి తీసినవి, కొన్ని ఎవరి ఫోనో నమోదు చేసినవి. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్‌కి మామూలుగా 5 మీటర్ల దాకా తేడా ఉంటుంది. చెట్ల కింద, లోయల్లో ఇంకా పెరుగుతుంది. ఎత్తు విషయంలో మరీ. అంకె అలా అటూ ఇటూ ఊగుతుంటే, ఆ చిన్న చిన్న పెరుగుదలలన్నీ కలిసి మొత్తం ఎక్కుడు పెరుగుతుంది. రెండిట్లో పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకుంటే నష్టం లేదు.

యాప్ చెప్పే సమయం ఆగకుండా నడిచే పెద్దవాళ్లది. దాన్ని సరిచూసుకోవడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నేస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ చాలు: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. 6 కిలోమీటర్లు, 180 మీటర్ల ఎక్కుడు అయితే 72 నిమిషాలు, 18 నిమిషాలు, వెరసి గంటన్నర. బడికెళ్లే వయసు పిల్లలుంటే దాన్ని రెట్టింపు చేయండి. చీకటి పడే సమయం నుంచి ఆ మూడు గంటలూ, పైన ఇంకో గంటా తీసేస్తే ఎప్పటికల్లా బయల్దేరాలో తేలుతుంది.

ఇక ‘ఈజీ’ ముద్ర సంగతి ఇదే దారితో చూద్దాం. అమెరికాలోని షెనాండోవా నేషనల్ పార్కు వాడే సూత్రం ఒకటుంది: అడుగుల్లో ఎక్కుడును రెండుతో, ఆ తర్వాత మైళ్లలో దూరంతో గుణించి వర్గమూలం తీయాలి. 50 లోపు వస్తే అన్నిటికంటే తేలిక, 50 నుంచి 100 దాకా మధ్యస్థం. పై దారికి దాదాపు 66 వస్తుంది, అంటే మధ్యస్థం. అదే 6 కిలోమీటర్లలో ఎక్కుడు 100 మీటర్లే అయితే 50 లోపే. కొత్తగా నడక మొదలుపెట్టే కుటుంబానికి ఇంత స్పష్టంగా గీత గీసే పద్ధతి ఈ యాప్‌లలో లేదు. అయితే నేల ఎలాంటిదో ఈ సూత్రానికీ తెలియదు.

ఆ లోటు తీర్చేది కోమూట్. దారిలో ఎంత దూరం తారు, ఎంత కంకర, ఎంత మట్టి అన్నది విడదీసి చూపిస్తుంది. తోపుడు బండి తీసుకెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. కాకపోతే ఆ వివరాల వెనకున్నది వాలంటీర్లు గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అందులో కాలిబాట ఎంత కష్టమో స్విస్ ఆల్పైన్ క్లబ్ వాడే ఆరు స్థాయిల కొలమానం ప్రకారం (టీ1 నుంచి టీ6 దాకా) రాస్తారు. టీ1 అంటే చదునైన, తేటగా కనిపించే బాట, మామూలు బూట్లు చాలు. టీ2 నుంచే అక్కడక్కడా నిటారు మొదలై, పడే ప్రమాదం కూడా ఉండొచ్చు. ఎవరూ ఏమీ రాయని బాటలు బోలెడు. రాయలేదంటే తేలికని కాదు, ఎవరూ చూడలేదని. అలాగే మధ్యలో ఆరు మెట్లుంటే చాలు, 3 కిలోమీటర్ల చక్కటి బండి దారి కాస్తా బండిని మోసే దారి అవుతుంది. అది శాతాల్లో కనిపించదు, మ్యాప్‌ని దగ్గరికి జూమ్ చేసి గీతంతా ఒకసారి వెతకాలి.

నడిచేటప్పుడు ఆర్గానిక్ మ్యాప్స్ హాయి. ఉచితం, ప్రకటనలు లేవు, ప్రాంతం మొత్తం డౌన్‌లోడ్ అవుతుంది, ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) వేసుకోవచ్చు, దారిని దాచిపెట్టే జీపీఎక్స్ ఫైలు కూడా తెరుస్తుంది. ఇంట్లోనే మ్యాప్ దించి, ఏరోప్లేన్ మోడ్‌లో ఒకసారి తెరిచి సరిచూసుకోండి. దారి మొదట్లో నెట్‌వర్క్ ఉండగానే, మీరున్న చోటు చూపే నీలం చుక్క కుదురుకోనిచ్చి, ఆ తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది. సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీని తాగేయడం తప్పుతుంది. దూరం దగ్గర ఒక్క జాగ్రత్త: వెళ్లి రావాల్సిన దారికి ఆల్‌ట్రెయిల్స్ రానూ పోనూ కలిపి 6 అని చూపిస్తే, ఇక్కడ చివరి చోటుకి 3 అని వస్తుంది. రెండూ ఒప్పే.

ఓస్మాండ్‌లో అన్నీ ఉన్నాయి, సెట్టింగులతో సహా. ఓపికున్నవాళ్లకి సరే, వారాంతపు నడకకు అంత అక్కర్లేదు.

డబ్బు కట్టాలా అంటే, ఆల్‌ట్రెయిల్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ కావాలంటే చందా ఉండాల్సిందే. అప్పుడప్పుడూ నడిచే కుటుంబం ఉచిత ఖాతాలో దారి ఎంచుకుని, ఆర్గానిక్ మ్యాప్స్‌లో మొదలూ చివరా, మలుపుల దగ్గరా పిన్నులు పెట్టుకుంటే ఆ ఖర్చు మిగిలినట్టే. దారి మూసేశారా, వాగు పొంగిందా అన్నది మాత్రం యాప్‌లో వెతక్కండి. బయల్దేరే రోజు పొద్దున ఆ స్థలాన్ని చూసుకునేవాళ్ల వెబ్‌సైట్ చూడండి, లేదా ఫోన్ చేసి అడగండి.