స్కాట్లాండ్ పాలేర్ల హాస్యపు పాటలు: పొలంలో పుట్టినవి మేలా, రికార్డులకెక్కినవి మేలా?

జీతానికి కుదిరాక, యజమాని చెప్పినవన్నీ కోతలని తేలితే ఏం చేస్తాం? 19వ శతాబ్దంలో ఈశాన్య స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌షైర్ పాలేర్లయితే పాట కట్టేవాళ్ళు. అక్కడ మే, నవంబరు నెలల్లో పాలేర్ల సంతలు జరిగేవి. బేరం కుదిరి రైతు ఒక షిల్లింగ్ బయానా చేతిలో పెట్టాడంటే, పెళ్ళికాని కుర్రాడు ఆరు నెలలు అక్కడ కట్టుబడిపోయినట్టే.

‘బార్న్‌యార్డ్స్ ఓ డెల్గటీ’ అనే పాట ఇలాంటి బేరంతోనే మొదలవుతుంది. టరిఫ్ అనే ఊరి సంతలో రైతు, నువ్వు కళ్ళతో చూసి ఉండవు అంత మంచి గుర్రాల జత ఇస్తానని ఊరిస్తాడు. తీరా వెళ్ళి చూస్తే ఎముకలూ తోలూ! నల్ల గుర్రం చతికిలబడి కూర్చుంటుంది, తెల్లది బొక్కబోర్లా పడుకుంటుంది. ఎంత అదిలించినా కాడి కట్టే వేళకి రెండూ లేవవు. ‘డ్రమ్‌డెల్గీ’ పాటలో అయిదింటికే లేచి గుర్రాలకి దాణా పెట్టాలి. ఓట్స్ పిండి జావ తాగి బూట్ల తాళ్ళు కట్టుకునేలోపే మేస్త్రీ కేక వేస్తాడు, ఆరింటికి నూర్పిడి యంత్రం మొదలు. చివర్లో పాలేరు సెలవు తీసుకుంటూ, మీరు అప్పుడూ మర్యాద తెలియని మనుషులే, ఇప్పుడూ అంతే అని అనేసి పోతాడు. వీటిని ‘బోతీ’ (పొలం దగ్గర పాలేర్లు ఉండే బస) పాటలంటారు. పొలం పేరు దాచకుండా పాడటమే వీటి అసలు దెబ్బ.

1930లలో విల్లీ కెంప్, జార్జ్ మోరిస్ గ్రామఫోన్ రికార్డులకిచ్చిన ‘కార్న్‌కిస్టర్లు’ అనే పాలేర్ల హాస్యపు పాటల దారి వేరు. వీటిలో నవ్వు యజమాని మీద తక్కువ, పనివాడి తిప్పల మీద ఎక్కువ. ఈ తరహాలో జనం నోళ్ళలో బాగా నానింది జార్డీ అనే అతని పశువుల పాకను శుభ్రం చేసే పాట. పేడ ఎత్తే పనిముట్టు కనిపించదు, చీపురు అరిగిపోయింది, చక్రాల బండి దానంతట అది కదలదు. అంతా కంగాళీ! బాణీ మాత్రం కాళ్ళు ఆగనివ్వదు. నలుగురు కలిసి పాడుకోవడానికి దీనికి సాటి లేదు.

అయినా నా ఓటు పాత పాటలకే. జార్డీ పాటలో నవ్వుకుంటాం కానీ పనివాడి జీతం ఎంతో పట్టదు. డెల్గటీ పాటలో ఆ రెండు ముసలి గుర్రాలను చూసి నవ్వుతూనే, ఆ కుర్రాడు ఎలా మోసపోయాడో కూడా తెలుసుకుంటాం. స్కాట్లాండ్ హాస్య గాయకుడు హ్యారీ లాడర్ సంగతి మరీ చిత్రం. హామిల్టన్ బొగ్గు గనుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి, స్టేజీ ఎక్కాక కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టుకునే గళ్ళ లంగా), వంకర కర్రతో ప్రపంచాన్ని నవ్వించాడు. ఆ నవ్వులో గని మసి పెద్దగా కనిపించదు.

ఈ పాటల్లోని డోరిక్ అనే ఈశాన్య స్కాట్లాండ్ యాస మొదట్లో కొరుకుడు పడదు, కాబట్టి వినడం మాత్రం జార్డీతో మొదలుపెట్టండి. పాత గొంతులు కావాలంటే ‘టోబర్ ఆన్ డూల్‌కాయిస్’ అనే స్కాటిష్ ఆర్కైవ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా వినిపిస్తుంది.