తిప్పతీగ: కొన్నేళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

తిప్పతీగను నేను కొన్నేళ్లుగా వర్షాకాలంలో, అదీ జ్వరం తగ్గుముఖం పట్టాక ఉండే నీరసానికీ అరుచికీ మాత్రమే వాడుతున్నాను. పచ్చికాడ కషాయం, పొడి, సత్తు (కాడ నుంచి తీసే పిండి), మాత్ర, ఈ నాలుగింటినీ చూశాను. కషాయం తాగిన రెండు మూడు రోజుల్లో ఆకలి తిరిగి పుట్టడం దాదాపు ప్రతిసారీ గమనించాను. జ్వరమే దీనివల్ల తొందరగా తగ్గిందా అంటే చెప్పలేను, ఎందుకంటే పారాసిటమాల్ ఎప్పుడూ మానలేదు.

గుడూచి, అమృత అని సంస్కృతంలో పిలిచే ఈ తీగను ఆయుర్వేదం జ్వరానికీ ప్రమేహానికీ (మధుమేహం వంటి మూత్ర రోగాలు) వాతరక్తానికీ (గౌట్ వంటి కీళ్ల నొప్పి) చెబుతుంది. చరక సంహిత దీని రసాన్ని మేధ్య రసాయనాలలో, అంటే బుద్ధికి బలమిచ్చే మందులలో చేర్చింది. అమృతారిష్టం అనే పులియబెట్టిన ఆయుర్వేద ద్రవ మందులో ప్రధాన ద్రవ్యం ఇదే.

హైదరాబాదులో దీనికోసం దుకాణానికి వెళ్లనక్కరలేదు. మా కాలనీలో వేపచెట్టు మీదికి పాకినదే ఉంది, వేప మీది తీగకు గుణం ఎక్కువని పెద్దలు అనేదీ దాన్నే. బొటనవేలి లావు కాడ తెచ్చి పైన పలుచగా లేచే పొరను గోటితో గీకితే లోపలి పచ్చదనం బయటపడుతుంది, అడ్డంగా కోస్తే బండి చక్రపు ఆకుల్లా గీతలు కనిపిస్తాయి. దంచి, నీళ్లు నాలుగో వంతుకు దిగేదాకా మరిగిస్తే వచ్చే చేదు ముందు కాకరకాయ ఎంత! పొడి అయితే 3 నుంచి 6 గ్రాములు, కషాయానికి 20 నుంచి 30 గ్రాముల కాడ అని ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) చెప్పిన మోతాదును నేను దాటను. ఒకసారి కొన్న పొడి ప్యాకెట్‌లో చేదు నామమాత్రంగా కూడా లేదు; అప్పటినుంచి కాడ కళ్లతో చూడనిదే కొనడం లేదు.

అసలు జాగ్రత్త కాలేయం విషయంలో. కరోనా రోజుల్లో ఇంటింటా దీన్ని నెలల తరబడి తాగారు. ఆ తరువాత దేశంలోని పలు ఆసుపత్రులలో కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలతో 2022లో ఒక అధ్యయనం వెలువడింది. వారిలో చాలామందికి స్వీయ రోగనిరోధక వ్యాధి (ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు) తరహా లక్షణాలు కనిపించాయి. తిప్పతీగను పోలిన టినోస్పోరా క్రిస్పాను పొరపాటున వాడటం వల్ల కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. ఆ జాతి కాండం బూడిద రంగులో బుడిపెలతో ఉంటుందనీ, పాల వంటి స్రావం వస్తుందనీ వివరించింది. ఆ వాదన కొంతవరకు నిజమైనా, రోజూ టీ బదులు తాగమనే సలహాను నేను ఒప్పుకోను.

రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ వంటి స్వీయ రోగనిరోధక వ్యాధులు ఉన్నవారు, అవయవ మార్పిడి తరువాత ఇచ్చే మందులు వాడేవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఇది రక్తంలో చక్కెరను కూడా తగ్గించగలదు. మధుమేహానికి గ్లిమిపిరైడ్ మాత్ర వాడే మా బావగారు దీన్ని పరగడుపున తాగి చెమటలు పట్టి కూలబడ్డారు. గ్లూకోమీటరు పెట్టి చూస్తే చక్కెర బాగా పడిపోయి ఉంది. మందుతోపాటు కషాయమూ తాగాలనుకునేవారు ముందు తమ డాక్టరుకు చెప్పాలి. ఆయుర్వేద సలహా కావాలంటే ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. వాడుతుండగా మూత్రం ముదురు పసుపుగా మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ పూటే ఆపి లివర్ పరీక్ష చేయించుకోవాలి.