4 ఎంబీ ఫ్లాష్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07: టీపీ-లింక్ 841ఎన్ వెర్షన్ 9 రివ్యూ

ఈ రెండు యాంటెన్నాల తెల్ల రౌటర్ ఇప్పటికీ చాలా ఇళ్లలో అటక మీద కనిపిస్తుంది. దీంట్లో కంపెనీ సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్, వెర్షన్ 19.07 ఎక్కించి వాడుకోవచ్చా? మెయిన్ రౌటర్‌గా మాత్రం వద్దు. ఇంకో రౌటర్ వెనక వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గా అయితే చక్కగా పనిచేస్తుంది, అదీ ఇమేజ్ (రౌటర్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైల్) మీరే తయారు చేసుకుంటే.

ఫ్లాష్, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీ, మొత్తం 4096 కేబీ. అందులో మొదటి 128 కేబీ రౌటర్‌ను లేపే బూట్‌లోడర్‌ది. చివరి 64 కేబీలో వైఫై కాలిబ్రేషన్ డేటా ఉంటుంది, అది పోతే వైఫై పోయినట్టే. మిగిలిన 3904 కేబీలోనే కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), రూట్ ఫైల్ సిస్టమ్ (మిగతా ప్రోగ్రాములు), మీ సెట్టింగులు సర్దుకోవాలి. బాగా కుదించాక కూడా కెర్నల్ ఒక్కటే ఒకటిన్నర ఎంబీకి అటూ ఇటూగా తింటుంది. సెట్టింగులకు చోటు మరీ తక్కువైతే సిస్టమ్ వాటిని ర్యామ్‌లో పెట్టుకుంటుంది. అప్పుడు అంతా బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది గానీ, ఒకసారి కరెంటు పోయి వస్తే వైఫై పేరు, పాస్‌వర్డ్ అన్నీ మాయం. ఎక్కించిన వెంటనే డీఎఫ్ (df) కమాండ్ కొట్టి, మీ మార్పులు రాసుకునే ఓవర్‌లే వరుస చూడండి. అక్కడ /tmp/root అని ఉంటే సెట్టింగులు ర్యామ్‌లో ఉన్నట్టే, ఆ ఇమేజ్ పనికిరాదు.

చాలామంది ఇక్కడే ఓపీకేజీ (ప్యాకేజీలు ఎక్కించే, తీసే కమాండ్)తో ప్యాకేజీలు తీసేసి చోటు మిగిల్చుకోవాలని చూస్తారు. మిగలదు. ఇమేజ్‌తో వచ్చిన ఫైళ్లు ఉండే స్క్వాష్‌ఎఫ్ఎస్ చదవడానికే తప్ప రాయడానికి ఉండదు కాబట్టి ఫైల్ కనబడకుండా పోతుందే గానీ దాని చోటు ఖాళీ కాదు. పైగా "ఇది తీసేశాం" అన్న గుర్తు కూడా ఓవర్‌లేలోనే పడుతుంది. తీయాల్సినవి ఇమేజ్ కట్టేటప్పుడే తీయాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇచ్చే ఇమేజ్ బిల్డర్ టూల్‌లో ప్యాకేజీల జాబితాలో పేరు ముందు మైనస్ పెడితే చాలు. యాక్సెస్ పాయింట్‌కు పీపీపీ, పీపీపీఓఈ (ఇంటర్నెట్ కంపెనీకి లాగిన్ అయ్యేవి), ఫైర్‌వాల్, డీఎన్ఎస్‌మాస్క్ (పరికరాలకు అడ్రస్‌లు పంచేది), ఐపీవీ6 సర్వర్ ఏవీ అక్కర్లేదు. మీ ఫైబర్ కనెక్షన్‌కు లాగిన్ ఈ రౌటరే చేయాల్సి ఉంటే మాత్రం పీపీపీ, పీపీపీఓఈ తీసేయొద్దు.

ఇమేజ్ బిల్డర్ కెర్నల్‌ను ముట్టుకోదు, ముందే కట్టిన కెర్నల్‌నే వాడుతుంది. కెర్నల్ తగ్గాలంటే సోర్స్ నుంచి కట్టాల్సిందే. బిల్డ్ మెనూలో గ్లోబల్ బిల్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సింబల్ టేబుల్, డీబగ్ ఫైల్ సిస్టమ్, క్రాష్ లాగ్ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. 4 ఎంబీ పరికరాల కోసం ఉన్న టైనీ బిల్డ్‌లో కొన్ని ముందే ఆపేసి ఉంటాయి, ర్యామ్ నిండితే పక్కన పెట్టుకునే స్వాప్ కూడా అందులో ఒకటి. అందుకే ర్యామ్‌లోని డేటాను కుదించి చోటు మిగిల్చే జెడ్‌ర్యామ్ వేసుకున్నా పనిచేయదు. అది కావాలంటే స్వాప్ ఆన్ చేసి కెర్నల్ మళ్లీ కట్టాలి, కొంచెం ఫ్లాష్ వదులుకోవాలి. 32 ఎంబీ ర్యామ్‌కు ఆ బేరం గిట్టుబాటే.

ర్యామ్ దగ్గరే ఈ రౌటర్ నిజంగా అలసిపోతుంది. ఓపీకేజీ అప్‌డేట్ కొడితే ప్యాకేజీల జాబితాలు ర్యామ్‌లోకే దిగుతాయి, మెమరీ చాలక ఏదో ఒక ప్రాసెస్ చచ్చిపోతుంది. కొత్త ఇమేజ్ ఎక్కించే సిస్‌అప్‌గ్రేడ్ కమాండ్‌కు కూడా ఇమేజ్ మొత్తం ముందు ర్యామ్‌లోకి రావాలి. కాబట్టి వైఫై ఆపి, కేబుల్ మీదే చేయండి. డబ్ల్యూపీఏ3 (కొత్త తరం వైఫై భద్రత) ఆశ పెట్టుకోవద్దు, దానికి కావాల్సిన క్రిప్టో లైబ్రరీకి ఇందులో చోటు లేదు.

కంపెనీ ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్లేటప్పుడు ఫైల్ పేరులో "బూట్" అని ఉందేమో చూడండి. ఉంటే అందులో బూట్‌లోడర్ కూడా కలిసి ఉన్నట్టే. ముందు ఆ భాగం కత్తిరించకుండా ఎక్కిస్తే రౌటర్ ఇటుక అవుతుంది, అంటే ఇక లేవదు. బూట్‌లోడర్ చెక్కుచెదరకుండా మిగతాది చెడితే దారి ఉంది: కంప్యూటర్‌కు 192.168.0.66 అడ్రస్ ఇచ్చి, రికవరీ ఫైల్‌ను రౌటర్‌కు అందించే టీఎఫ్‌టీపీ సర్వర్ పెట్టండి, రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయండి. రికవరీ ఫైల్ పేరు వెర్షన్‌ను బట్టి మారుతుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా రౌటర్ దాన్ని తీసుకోదు.

మెయిన్ రౌటర్‌గా వద్దనడానికి కారణం స్పీడ్ కాదు. 19.07 వరసలో ఆఖరిది 2022లో వచ్చిన 19.07.10. ఆ తర్వాత సెక్యూరిటీ ప్యాచ్‌లు లేవు. 21.02 నుంచి కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ అడుగుతున్నారు. సెకండ్ హ్యాండ్‌లో 841ఎన్ కొంటే అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి: వెర్షన్ 13లో ఆ 8, 64 ఉన్నాయి. నంబర్ పెద్దది కదా అని వెర్షన్ 14 తీసుకుంటే మళ్లీ 4, 32కే వచ్చి పడతారు.