ధర్మకాంటా మీద ఐఓ యూరింగ్: ఒక యాసంగి వాడి చూసినంక

మిర్యాలగూడలో యాసంగి కోతలు మొదలైతే మిల్లుల ముందు వడ్ల బండ్లు బారు కడతయి. ఒక మిల్లుకు ధర్మకాంటా సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన. అందులో వాడిన ఐఓ యూరింగ్ ముచ్చట ఇది: ఫైలు పనులను లినక్స్ కెర్నెల్‌కు (సిస్టమ్‌ను నడిపే గుండెకాయకు) అప్పజెప్పి, అవి అయ్యేదాకా ఆగకుండ మన పని మనం చేసుకునే పద్ధతి. బండి కాంటా ఎక్కంగనే బరువు చదవాలె, రెండు కెమెరాల ఫోటోలు దాచాలె, చిట్టీ రికార్డు డిస్కు మీద పడాలె. కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు కాబట్టి ప్రతి చిట్టీకి ఎఫ్‌సింక్ (రాసింది నిజంగ డిస్కు మీద పడేదాకా ఆగే కాల్) తప్పదు. డిస్కేమో పాతది. ఎఫ్‌సింక్ తెమిలేదాకా ప్రోగ్రాం అక్కడే నిలబడేది, స్క్రీన్ మీద బరువు కదిలేది కాదు. "అన్నా, మళ్ల ఆగింది" అని గుమస్తా ఫోన్.

ఈపోల్‌తో (ఏ కనెక్షన్ సిద్ధమైందో చెప్పే లినక్స్ సౌకర్యం) అవుతదేమో అనుకున్న. మామూలు ఫైలును అది దగ్గరికే రానీయదు, ఈపర్మ్ (అనుమతి లేదు) అని మొహం మీద కొడతది. లినక్స్ పాత ఏఐఓ (ఆగకుండ ఫైలు పని చేసే పాత పద్ధతి) ఉంది గని, ఓ డైరెక్ట్‌తో (కెర్నెల్ క్యాష్‌ను దాటి నేరుగ డిస్కుకు) తెరిచిన ఫైళ్లకే నికరంగ పనిచేస్తది. లేకపోతే పని అప్పజెప్పే కాల్ దగ్గరనే ఆగి కూర్చుంటది. జీలిబ్‌సీలో (లినక్స్ సీ లైబ్రరీ) ఉన్న పోజిక్స్ ఏఐఓ అంటే లోపల మామూలు థ్రెడ్లే (ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనులు). అట్ల తిరిగి తిరిగి, జెన్స్ ఆక్స్‌బో రాసిన ఐఓ యూరింగ్ దగ్గరికొచ్చిన. 2019లో 5.1 కెర్నెల్‌తో వచ్చింది.

నాకు నచ్చింది దాని లెక్క. కెర్నెల్‌కు, మనకు ఉమ్మడిగ రెండు రింగులు (గుండ్రంగ తిరిగే వరుసలు). ఒకదాంట్లో 64 బైట్ల పనిచీటీ వేస్తం, రెండోదాంట్లో 16 బైట్ల జవాబు వస్తది. చీటీ మీద మనకు నచ్చిన నంబర్ రాసుకోవచ్చు, జవాబు మీద అదే తిరిగొస్తది. నేను చిట్టీ నంబర్ పెట్టిన. జవాబులు వేసిన వరుసలో రావు మరి, ఆ నంబర్ లేకపోతే ఏ బండిదో తెల్వదు. రెండు ఫోటోలు, రికార్డు, ఎఫ్‌సింక్: నాలుగు చీటీలు ఒక్క సిస్టమ్ కాల్‌తో (కెర్నెల్‌ను ఒక్కసారి పిలిస్తే) పోతయి.

రికార్డు రైట్‌కు, ఎఫ్‌సింక్‌కు లింకు కట్టిన. రైట్ తప్పితే ఎఫ్‌సింక్ జరగదు. కావాలనే డిస్కు నింపి చూసిన: రైట్‌కు మైనస్ 28 (డిస్కులో జాగ లేదు), ఎఫ్‌సింక్‌కు మైనస్ 125 (రద్దయింది). ఇంత శుభ్రంగ చెప్పేది ఇంకోటి నేను చూడలే.

ఇగ నా పాపం. ఫోటో బఫర్ (మెమరీలో ఫోటో పెట్టే జాగ) ఒక్కటే పెట్టుకొని, జవాబు రాకముందే అందులో తర్వాతి బండి ఫోటో నింపిన. ఒక ట్రాక్టర్ చిట్టీకి వెనకొచ్చిన లారీ బొమ్మ పడ్డది. రైతు మంచోడు, నవ్విండు. సేటు నవ్వలే. జవాబు వచ్చేదాకా బఫర్ కెర్నెల్‌దే, మనది కాదు. సీ భాష ఈ సంగతి యాది చెయ్యదు.

ఎస్‌క్యూపోల్ అనే మోడ్‌లో కెర్నెల్ థ్రెడ్డే రింగును చూసుకుంటుంటది, సిస్టమ్ కాల్ కూడ అక్కర్లేదు. అదయితే సీపీయూ ఊరికే తిరుగుతది. కాంటాకు దండగ, తీసేసిన. భద్రత ముచ్చట కూడ ఉంది: 2023లో గూగుల్, తన కేసీటీఎఫ్ బౌంటీకి (కెర్నెల్ లోపాలు పట్టిచ్చినోళ్లకు ఇచ్చే ఇనాం) వచ్చినవాట్ల 60 శాతం ఐఓ యూరింగ్‌నే వాడుకున్నయని చెప్పి తన సర్వర్లల్ల ఆపేసింది. 6.6 కెర్నెల్ నుంచి సిస్‌కంట్రోల్‌తో (కెర్నెల్ సెట్టింగుతో) దీన్ని పూర్తిగ బందు పెట్టొచ్చు. అందుకే ప్రోగ్రాం లేవంగనే రింగు దొరికిందా లేదా చూసుకొని, దొరక్కపోతే పాత పద్ధతికి పోయేటట్టు రాసిన.

నిజం చెప్పాలంటే ఒక్క కాంటాకు ఒక థ్రెడ్ పెట్టుకున్నా సరిపోయేది. ఎఫ్‌సింక్‌ను కెర్నెల్ కూడ లోపల వర్కర్ థ్రెడ్‌కే ఇస్తది, డిస్కేం ఉరకదు. మరి ఎందుకు ఉంచిన అంటే ఆ లింకు కోసం, ఆ నంబర్ కోసం. ఐదుకు నాలుగు చుక్కలు.

ఇప్పుడు ఎఫ్‌సింక్ జవాబు వచ్చినంకనే చిట్టీ నంబర్ పచ్చగైతది. బరువు అంకె మాత్రం కదులుతనే ఉంటది. గుమస్తా ఆ పచ్చ రంగు చూసే గేటు లేపుతుండు. మొన్న ఫోన్ చేసిండు, ప్రింటర్ కాయితం అయిపోయిందట.