పొరలా, గింజలా? టైటానియంలో పగులుకు ఏది అడ్డు?

కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు టైటానియమే గుర్తొస్తుంది. 1973లో మొదలైన ఆ సంస్థ వల్ల, రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ వల్ల ఈ లోహం చుట్టూ బతికేవాళ్లు మన హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు తరచూ అడిగేది ఒకటే: లోహం లోపలి అమరికలో పొరలుండే లామెల్లర్ మేలా, గింజలుండే (అంటే చిన్న స్ఫటికాలుండే) ఈక్వియాక్స్‌డ్ మేలా?

లోహం మాత్రం ఒకటే. టైటానియంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం. సుమారు 995 డిగ్రీల సెల్సియస్ దాటితే అంతా బీటా అనే స్ఫటిక రూపంలోకి మారుతుంది. అక్కడి నుంచి నెమ్మదిగా చల్లారిస్తే ఆల్ఫా అనే మరో రూపం పొరలు పొరలుగా ఏర్పడుతుంది. ఆ వేడి దాటకుండా బాగా ఫోర్జింగ్ చేసి (నొక్కి మలిచి), అనీల్ చేస్తే (మళ్లీ వేడిచేసి చల్లారిస్తే) చిన్న చిన్న గింజలొస్తాయి.

రెండు రకాల్లో విరిగిన ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూడండి. గింజల ముక్కలో పగులు దాదాపు తిన్నగా నడిచి ఉంటుంది. పొరల ముక్కను వేలితో తడిమితే చాలు, గరుకు తెలుస్తుంది. ఒకే దిశలో ఉన్న పొరల గుంపును కాలనీ అంటాం. ఒక కాలనీ దాటి ఇంకో దాంట్లోకి వెళ్లాలంటే పగులు దారి మళ్లాలి, కొన్నిచోట్ల రెండుగా చీలాలి. పైగా లోడ్ తగ్గుతుంటే ఆ ఎగుడుదిగుడు ముఖాలు ముందే ఒకదానికొకటి ఆనుకుంటాయి, పగులు కొసకు తగిలే దెబ్బ తగ్గుతుంది. అందుకే పొడవాటి పగులు ఇక్కడ నెమ్మదిగా పెరుగుతుంది, ఫ్రాక్చర్ టఫ్‌నెస్ (పగులున్నా విరగకుండా తట్టుకునే శక్తి) కూడా ఎక్కువే.

చాలామంది పొరబడేది ఇక్కడే. అసలు పగులు పుట్టకూడదంటే లెక్క తిరగబడుతుంది. పెద్ద కాలనీలో స్లిప్ (స్ఫటికంలో పరమాణు వరసలు జారడం) అడ్డూ ఆపూ లేకుండా దూరం సాగుతుంది, తొలి పగులు త్వరగా పుడుతుంది, చిన్నగా ఉన్నంతకాలం వేగంగా పాకుతుంది కూడా. సన్న గింజల్లో ఆ దూరమే తక్కువ.

పగులు ఉందనే అనుకుని డిజైన్ చేసి, తనిఖీ చేస్తూ వాడే మందపాటి విమాన ఫ్రేమ్ భాగాలకైతే నేను లామెల్లర్‌నే ఎంచుకుంటాను. అదే పనిగా కంపించే ఫ్యాన్ బ్లేడుకు మాత్రం వద్దంటాను. అక్కడ గింజలూ సన్న పొరలూ కలిసిన బైమోడలే సరి.

అయితే గింజలు సన్నగా ఉన్నాయని నిశ్చింతగా ఉండలేం. పక్కపక్క గింజలన్నీ ఒకే దిశకు తిరిగి ఉంటే, పగులుకు అదంతా ఒకే పెద్ద గింజ. దీన్ని మాక్రోజోన్ అంటారు. 2017 సెప్టెంబర్ 30న గ్రీన్‌లాండ్ మీద ఎగురుతున్న ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 విమానంలో ఒక ఇంజిన్ ఫ్యాన్ హబ్ ముక్కలైంది. 2019లో ఒక ముక్కను మంచులోంచి తవ్వి తీసి చూస్తే, ఉపరితలం కింద అలాంటి మాక్రోజోన్‌లోనే పగులు పుట్టిందని తేలింది. మామూలు మైక్రోస్కోప్ ఫొటోలో ఇది పట్టుబడటం కష్టం. అందుకే ఫోర్జింగ్ శాంపిల్ చేతికొస్తే, గింజ సైజు రాసేముందు నేను ఈబీఎస్‌డీ మ్యాప్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఒక్కో గింజ ఏ దిశకు తిరిగి ఉందో చూపే పటం) అడుగుతాను.