లాసన్స్ బే ఒడ్డున ఎనిమిదేళ్ళు: ఉప్పుగాలిలో నా డీఎస్ఎల్ఆర్

2017 డిసెంబరులో కొన్నాను. అప్పటినుంచి ఈ కెమెరా మెడలో వేసుకుని నేను వెళ్ళింది ఎక్కువగా ఒక్క చోటికే. విశాఖలో లాసన్స్ బే, పెద జాలరిపేట పడవలు ఒడ్డెక్కే ఇసుక. వారానికి నాలుగైదు రోజులు, పొద్దున్న ఐదున్నర నుంచి ఏడున్నర దాకా. అందుకని ఇది సముద్రం పక్కన ఉండేవాళ్ళ కోసం రాస్తున్న సమీక్ష. పెళ్ళిళ్ళకో, పక్షులకో కెమెరా వెతుకుతున్నవాళ్ళకి దీంతో పెద్దగా పని ఉండదు.

మొదటిసారి కొనుక్కునేవాళ్ళ కోసం కంపెనీలన్నీ అమ్మిన రకమే ఇది. 24 మెగాపిక్సెళ్ళు, ఏపీఎస్-సి అనే సైజు సెన్సరు (వెలుగుని ఫొటోగా మార్చే చిప్పు), పెట్టెలోనే వచ్చే 18-55 జూమ్ లెన్సు, అంటే కిట్ లెన్సు. వానకి, ఇసుకకి అడ్డుగా బాడీలో రబ్బరు సీళ్ళేమీ లేవు. కంపెనీ పేరు రాయట్లేదు. నేను చెప్పేది ఈ తరగతి కెమెరాలన్నిటికీ సరిపోతుంది.

కొనడానికి కారణం హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న ఆ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. మర్నాడు బీచ్ రోడ్డు మీదకి వెళ్తే ఎటు చూసినా కూలిన చెట్లే. కరెంటు లేదు, ఫోను ఎప్పుడో ఆగిపోయింది. ఆ పొద్దున సముద్రం పాలు తక్కువైన కాఫీ రంగులో ఉంది. అది నా కళ్ళలో ఇప్పటికీ ఉంది గానీ ఒక్క ఫొటో లేదు. ఒకసారి చార్జింగ్ పెడితే వారం పది రోజులు ఆగే కెమెరా ఇంట్లో ఉండాలని అప్పుడే అనుకున్నాను. డబ్బు సమకూరేసరికి మూడేళ్ళు పట్టింది.

ఇన్నేళ్ళలో నేను మార్చిన సెట్టింగుల్లో అన్నిటికంటే మేలు చేసింది వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుని బట్టి ఫొటో రంగుల్ని సరిచేసే సెట్టింగు. ఆటోలో వదిలేస్తే కెమెరా ప్రతి ఫొటోలోనూ తెలుపుని తెలుపుగా చూపించాలని తాపత్రయపడుతుంది. ముసురు పట్టిన రోజు నీలిబూడిద రంగుకి కాస్త పసుపు కలుపుతుంది. సూర్యోదయంలో ఉన్న పసుపుని కాస్త తీసేస్తుంది. మనకి కావలసింది ఆ తేడాయే కదా! రెండో నెలలోనే సూర్యుడి బొమ్మ ఉన్న గుర్తు మీద పెట్టాను, మళ్ళీ ముట్టుకోలేదు. ఆ ఒక్క పనివల్ల 2018 జులై ముసురుని 2024 జులై ముసురు పక్కన పెట్టి చూసుకోగలుగుతున్నాను. ఫోను ఇక్కడే వెనకబడుతుంది. సూర్యోదయాన్ని ఒక్క నొక్కుతో అందంగా తీసిపెడుతుంది, కాదనను. కానీ మబ్బుల్ని తేటగా చేసేసి, నీడల్ని లేపేసి, వాన ఇంకాసేపట్లో పడబోతోందన్న బరువుని ఫొటోలోంచి తీసేస్తుంది.

ఎక్స్‌పోజర్ విషయంలో, అంటే ఫొటో ఎంత వెలుగుగా రావాలన్నదాంట్లో మాత్రం దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఇసుక, నురగ, ఆకాశం మూడూ తెల్లనివే. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు వాటిని ఒక మోస్తరు బూడిద రంగనుకుని ఫొటోని నల్లగా తీస్తుంది, ముందున్న మనుషుల ముఖాలు అసలే కనబడవు. మబ్బు రోజుల్లో నేను వెలుగు పెంచడానికి ప్లస్ 1 పెడతాను. సూర్యుడు ఎదురుగా ఉంటే మైనస్ 0.7 పెట్టి, రా ఫైలుగా (కెమెరా మార్పులేవీ చేయని ఫైలు) తీసి, నీడల్ని ఇంటికొచ్చాక లేపుకుంటాను. విసురు వల గాలిలో విప్పుకునే క్షణానికి సెకనులో వెయ్యో వంతు కావాలి. వెనక్కి జారే నురగకి పదిహేనో వంతు చాలు, రాతి మీద మోచేతులు ఆనించుకుంటే ట్రైపాడ్ కూడా అక్కర్లేదు.

ఏడాది పొడుగునా ఒకే చోట నిలబడితే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. జూన్‌లో సూర్యుడు ఎడమపక్క, కైలాసగిరికి దగ్గరగా లేస్తాడు. డిసెంబరుకి బాగా కుడివైపు జరిగి నడిసముద్రం మీద ఉంటాడు. అందుకే అవే పడవలకి జూన్‌లో పక్కనుంచి, డిసెంబరులో ఎదురుగా వెలుగు పడుతుంది. ఎండాకాలం ఆకాశం పాలిపోయి నీళ్ళకీ దానికీ మధ్య గీత చెరిగిపోతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో మబ్బు చాలాసార్లు మన వెనకనుంచి, కొండల మీదుగా వస్తుంది. ఆ సాయంత్రాలు సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి. మొదటి ఏడాదంతా నాకు ఇది తట్టనే లేదు. అక్టోబరు, నవంబరు వస్తే రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో చూసుకుని బయల్దేరతాను. మూడు దాటితే ఒడ్డుకి దిగను, రోడ్డు మీదనుంచే తీస్తాను.

2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళలోకి కొట్టుకొచ్చింది. ఊరంతా సెల్ఫీలకి వెళ్ళింది. నేను జనం పలచబడ్డాక నెలకి రెండుసార్లు చొప్పున తీస్తూ పోయాను. వానరోజుల్లో దాని తుప్పు తడి ఇటుకలా ఉండేది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఎండిన చింతపండులా ఉండేది.

ఇక ఉప్పు సంగతి. ఈ కెమెరాకి సముద్రం చేసిన నష్టమంతా అలల వల్ల కాదు, గాలి వల్ల. అరగంట నిలబడితే చాలు, లెన్సు ముందున్న ఫిల్టరు మీద జిగట పొర కడుతుంది. దాన్ని పొడిబట్టతో తుడిచి మొదటి ఫిల్టరుని గీతలపాలు చేసుకున్నాను. ముందు బ్లోయరుతో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఇసుక ఊదాలి, తర్వాత మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి బట్ట, ఆఖర్న పొడిబట్ట. బాడీకీ అంతే. ఒడ్డున లెన్సు మార్చడం ఎంత అవసరమొచ్చినా వద్దు. ఒక్కసారి మార్చాను, 18-55 జూమ్ రింగులో కరకర ఇప్పటికీ వినిపిస్తుంది. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పట్టి ఇరవై నిమిషాలు వృథా అవుతాయి, ఈలోపు సూర్యుడు ఆగడు. అందుకే రాత్రి సంచీని హాల్లోనే పెడతాను.

రెండో ఏడాది వానాకాలంలో అదే లెన్సు లోపల బూజు పట్టింది. వెలుగుకి పెట్టి చూస్తే సాలెగూటి పోగుల్లాంటివి మూలనుంచి పాకుతున్నాయి. బాగుచేయించడానికి అడిగిన డబ్బు దాదాపు కొత్త లెన్సు ధర. అప్పుడు తెచ్చుకున్నదే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ చూపించే చిన్న మీటరు, నీలం సిలికా జెల్ గింజలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుతాను. గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేయించి మళ్ళీ వేస్తాను, ఆ మూకుడు వంటకి వాడకూడదు. డబ్బా వచ్చాక బూజు మళ్ళీ రాలేదు. బూజు పట్టిన లెన్సు స్థానంలో 35 ఎంఎం ఎఫ్1.8 కొన్నాను, జూమ్ లేని, ఎక్కువ వెలుగు లోపలికి తీసుకునే లెన్సు. ఇప్పుడు తొంభై శాతం ఫొటోలు దీనితోనే.

35 మనుషుల దగ్గరికి నడిచి వెళ్ళేలా చేస్తుంది. దగ్గరికి వెళ్ళాలంటే పలకరించాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో ఒడ్డంతా వలలు బాగుచేసేవాళ్ళే. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగలాగి, చిరిగిన కన్నులోకి దారం దూర్చి, ముడి బిగించి, పళ్ళతో తెంపడం. ఈ లెన్సులో ఆ వేలి గోరు మీద అంటుకున్న ఆకుపచ్చ నైలాన్ పోగు కూడా కనబడుతుంది. అడగకుండా నేను ఎవరినీ తీయను, తీసినవి అచ్చు వేయించి ఇస్తాను.

అక్కడ కవ్వళ్ళు, నెత్తళ్ళు లాంటి చేపలు అమ్మే పెద్దావిడ ఉంది, మామ్మా అని పిలుస్తాను. “ఏటి బాబూ, రోజూ ఇయ్యే పడవలు తీస్తావు. నిన్నటికీ ఇయ్యాలకీ తేడా ఏటున్నాది?” అని ఒకరోజు అడిగింది. ఒకే కోణంలో తీసిన ముప్ఫై ఫొటోలు అచ్చు వేయించి పట్టుకెళ్ళాను. గంప పక్కన పరిచి చూస్తూ చూస్తూ ఒకదాని మీద వేలు పెట్టింది. “ఇది తుపానుకి ముందర తీసిందే. గాలి లేదు, జెండా సూడు, ఏలాడతంది. కెరటం మాత్తరం లెగిసిపోతంది.” వెనక తేదీ చూశాను. 2018 అక్టోబరు 10. మర్నాడు తెల్లారేసరికే తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ జెండాని నేను ఏనాడూ గమనించలేదు.

కెమెరా ఇప్పుడెలా ఉందంటే, పట్టుకునే చోట రబ్బరు ఊడితే అతికించాను. ఫ్లాష్ తగిలించే చోట తుప్పు మచ్చలున్నాయి. షట్టరు, సెన్సరు బాగానే ఉన్నాయి. వానలో తీయాలంటే పాలిథిన్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు చాలు, కానీ పది నిమిషాలకి మించి కాదు. కొత్తగా కొనేవాళ్ళు సీళ్ళున్న బాడీకి డబ్బు చాలితే అదే తీసుకోండి. చాలకపోతే ఇలాంటిది సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని, మిగిలిన డబ్బుతో ముందు ఆ డబ్బా, సిలికా జెల్ కొనండి, తర్వాత 35. కిట్ లెన్సు లోపల మొబైల్ టార్చి వేసి చూడకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి.