మారతహళ్లిలో సీ భాష అప్‌లోడ్ మాడ్యూలు కొన్నాను: ఫోటోలన్నీ నాలుగేసి బైట్లుగా చేరాయి, జాగ్రత్త

బెంగళూరులో చిన్న యూనిట్లు నడుపుతూ, సీ భాషలో రాసిన ప్రోగ్రాము నుంచి వెబ్ సర్వరుకు ఫైళ్లు పంపడానికి రెడీమేడ్ మాడ్యూలు కొనాలని చూస్తున్న తెలుగువారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. అమ్మిన వ్యక్తి పేరు గానీ ఆఫీసు పేరు గానీ ఇక్కడ చెప్పడం లేదు. రేపు ఇదే సరుకును మరొకరు మరో పేరుతో అమ్మవచ్చు కాబట్టి, అందులోని లోపాన్ని డబ్బు చెల్లించకముందే ఎలా పట్టుకోవచ్చో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

మా యూనిట్ పీణ్యాలో ఉంది. ప్యాకింగ్ బల్ల మీద తూకం యంత్రం, దాని పైన ఒక కెమెరా, పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు ఒకటి ఉంటాయి. పెట్టె బల్ల మీదికి రాగానే లేబుల్ ఫోటో, పెట్టె నంబరు, తూకం ఈ మూడూ కలిసి సర్వరుకు వెళ్లాలి. తూకం యంత్రం నుంచి సీరియల్ పోర్టు ద్వారా అంకెలు చదివే ప్రోగ్రాము ఏళ్ల క్రితమే సీలో రాసి ఉన్నందువల్ల, అప్‌లోడ్ కూడా అందులోనే చేయాలనుకున్నాము. ఇలా ఫైలునూ మామూలు ఫీల్డులనూ ఒకే అభ్యర్థనలో పంపే పద్ధతినే మల్టీపార్ట్ ఫారం అంటారు. 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా మొదలైన ఈ పద్ధతికి ఇప్పుడు ప్రమాణం 2015లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7578. ప్రతి భాగానికీ ముందు బౌండరీ అనే గుర్తు వరుస, ఆ భాగానికి చెందిన చిన్న హెడర్లు, ఒక ఖాళీ వరుస, ఆ తరువాత అసలు సమాచారం ఉంటాయి. చివరి బౌండరీకి మాత్రం వెనక రెండు గీతలు అదనంగా చేరుతాయి. చూడటానికి ఇంతే కాబట్టి చేత్తో రాసేయవచ్చని చాలామందికి అనిపిస్తుంది, మాకు అమ్మిన ఆయనకూ అలాగే అనిపించినట్టుంది.

మారతహళ్లిలో రెండో అంతస్తులో ఆయన ఆఫీసు. ఆయనా మన తెలుగువాడే. "మనవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుంటానా అన్నా" అంటూ 35,000 రూపాయలకు మాట కుదిర్చి, 20,000 అడ్వాన్సు తీసుకుని, బిల్లు పని పూర్తయ్యాక ఇస్తానన్నాడు. నా కళ్ల ముందే ఒక ఫైలు పంపి, సర్వరులో తెరిచి చూపించాడు. అది టెక్స్ట్ ఫైలు. రాస్ప్‌బెర్రీ పై బోర్డు నా సంచిలోనే ఉంది, అందులో మా కెమెరా తీసిన ఫోటోలూ ఉన్నాయి, అయినా వాటిలో ఒకటి పంపి చూపించమని అడగాలని నాకు తోచలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నా మొదటి తప్పు అదే.

మాడ్యూలు పెట్టిన తొమ్మిదో రోజున ఒక కొనుగోలుదారు తన పెట్టెకు వేరే లేబుల్ అంటించారని ఫిర్యాదు చేయగా, మా అకౌంట్స్ చూసే అమ్మాయి సర్వరులో ఆ పెట్టె ఫోటో తెరవబోయింది. అది తెరుచుకోలేదు. మరొకటి తెరిచింది, అదీ అంతే. పరిమాణం చూస్తే ఆ తొమ్మిది రోజుల్లో పంపిన ప్రతి ఫోటో సరిగ్గా 4 బైట్లు ఉంది.

ఆ నాలుగు అనే అంకెలోనే జబ్బు కారణం ఉంది. మా కెమెరా తీసే జేపెగ్ ఫైలు ఎఫ్‌ఎఫ్, డీ8, ఎఫ్‌ఎఫ్, ఈ0 అనే నాలుగు బైట్లతో మొదలవుతుంది, అయిదో బైటు సున్నా. సీ భాషలో స్ట్రింగు ఎక్కడ ముగిసిందో తెలిపేది ఆ సున్నా బైటే కాబట్టి, పొడవు కొలిచే స్టర్‌లెన్ ఫంక్షను దాన్ని చూడగానే ఆగిపోయి "నాలుగు" అని చెబుతుంది. ఆయన ఫోటోను స్ట్రింగుగా భావించి, స్టర్‌లెన్‌తో కొలిచి, స్ట్రింగులను కలిపే స్టర్‌క్యాట్‌తో అతికించాడు. ఇదే మాడ్యూలుకు పీఎన్‌జీ బొమ్మ ఇస్తే 8 బైట్లు చేరతాయి, ఎందుకంటే దాని తొలి ఎనిమిది బైట్ల తరువాత సున్నా వస్తుంది. ఫోను కెమెరాతో తీసిన ఫోటో ఇస్తే సాధారణంగా 10 చేరతాయి, ఎందుకంటే అక్కడ ఫోటో వివరాల భాగానికి మొదట ఉండే ఎగ్జిఫ్ అనే మాట పూర్తయ్యాకే సున్నా వస్తుంది. టెక్స్ట్ ఫైలులో సున్నా బైటు ఉండదు కనుక అది చక్కగా చేరుతుంది. డెమోకు ఆయన టెక్స్ట్ ఫైలునే ఎంచుకోవడం తెలిసి చేసిన పనో తెలియక చేసిన పనో నేను చెప్పలేను గానీ, తెలియకే చేశాడని నమ్మడం నాకు కొంత మనశ్శాంతి.

సర్వరు ఎందుకు అభ్యంతరం చెప్పలేదని మీరు అడగవచ్చు. దాని వైపు నుంచి చూస్తే అభ్యర్థన సక్రమంగానే ఉంది. నాలుగు బైట్ల ఫైలు పంపారు, నాలుగు బైట్ల ఫైలు చేరింది, అంతా బాగుందని తెలిపే 200 అనే జవాబిచ్చింది. మాడ్యూలు ఆ జవాబు చూసి "విజయవంతం" అని తెరపై రాసి, కార్డులో చోటు మిగల్చడానికి బోర్డులోని అసలు ఫోటోను చెరిపేసింది. ఆ తొమ్మిది రోజుల ఫోటోలు ఇక తిరిగి రావు.

అమ్మినాయనకు ఫోను చేస్తే రెండు రోజుల్లో రెండో వెర్షను పంపాడు. ఈసారి ఫోటోలు నిండుగా చేరాయి, కానీ బౌండరీ గుర్తు కోడులో స్థిరంగా రాసిపెట్టి ఉంది. ప్రతి అభ్యర్థనకూ అదే గుర్తు. సమాచారం లోపల ఎక్కడా రాని గుర్తునే బౌండరీగా ఎంచుకోవాలన్నది ఈ పద్ధతికి పునాది. ఫోటోలో అలాంటి గుర్తు దొరకడం దాదాపు అసాధ్యం కాబట్టి మొదట నేనూ పట్టించుకోలేదు. అయితే రాత్రిపూట, జరిగిన పనులన్నీ నమోదయ్యే మా లాగ్ ఫైలును కూడా ఇదే మాడ్యూలు పంపుతుంది, మాడ్యూలుకేమో పంపిన అభ్యర్థనల్లో కొన్నింటిని మొత్తంగా లాగ్‌లో రాసుకునే అలవాటుంది. అంటే లాగ్ ఫైలు కడుపులోనే బౌండరీ వరుసలు ఉన్నాయి. సర్వరు మొదటి వరుస కనపడగానే ఫైలు అయిపోయిందనుకుని అక్కడితో కోసేసింది.

మూడో వెర్షను నాటికి చేత్తో రాసిన కోడు పోయి, లోపల లిబ్‌కర్ల్ వచ్చింది. డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో విడుదల చేసిన, నెట్ ద్వారా సమాచారం పంపి తెచ్చుకునే కర్ల్ ప్రాజెక్టులోని లైబ్రరీ (సిద్ధంగా రాసిన ఫంక్షన్ల సంచి) ఇది, పూర్తిగా ఉచితం. దీన్ని వాడి అమ్ముకోవడం తప్పు కాదు, దాని లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. కాపీరైటు ప్రకటన ప్రతి నకలుతోనూ ఉండాలని మాత్రం అడుగుతుంది. నాకిచ్చిన జిప్ ఫైలులో ఆ ప్రకటన లేదు సరికదా, మొత్తం తమ సొంత ఇంజిను అని రాసి ఉంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, ఆ ఇంజినుకు పెట్టుకున్న ఆడంబరమైన పేరు ఒక్కటే సొంతం.

అదైనా సరిగ్గా వాడాడా అంటే, లేదు. 2017లో 7.56.0 వెర్షనుతో లిబ్‌కర్ల్ మైమ్ అనే కొత్త ఫంక్షన్ల వరుసను తెచ్చి, ఫారం తయారుచేసే పాత కర్ల్_ఫార్మ్‌యాడ్ ఫంక్షనును వాడవద్దని ప్రకటించింది. ఆయన వాడింది ఆ పాతదే. కొత్త హెడర్ ఫైళ్లతో కంపైల్ చేస్తే కంపైలరే ఈ సంగతి హెచ్చరిస్తుంది, మరి నాకెందుకు కనపడలేదని, కంపైల్ ఎలా చేయాలో రాసి ఉండే మేక్‌ఫైలు తెరిచి చూస్తే, హెచ్చరికలన్నిటి నోరు మూయించే "హైఫన్ డబ్ల్యూ" అనే గుర్తు అక్కడ కూర్చుని ఉంది. దాన్ని తీసేసి కంపైల్ చేయగానే తెర నిండింది. పైగా తూకం అంకెను ఒక ఫంక్షనులోని లోకల్ బఫరులో ఉంచి, దాని పాయింటరును, అంటే మెమరీ చిరునామాను మాత్రమే ఫారానికి అప్పగించాడు. అసలు పంపే సమయానికి ఆ ఫంక్షను ముగిసి, బఫరు చోటులో మరేదో చేరి ఉంటుంది. అందువల్ల కొన్ని పెట్టెల తూకం 12.40 అనీ, కొన్నింటిది అర్థం లేని అక్షరాలుగానూ చేరింది. కొత్త పద్ధతిలోని కర్ల్_మైమ్_డేటా సమాచారాన్ని తానే కాపీ చేసుకుంటుంది కాబట్టి ఈ బెడద ఉండదు. ఫైలు కోసం కర్ల్_మైమ్_ఫైల్‌డేటా వాడితే ఫైలును పంపుతూనే కొద్దికొద్దిగా చదువుతుంది, చిన్న బోర్డు మెమరీ నిండిపోదు. బౌండరీని కూడా లైబ్రరీయే ఎప్పటికప్పుడు యాదృచ్ఛికంగా తయారుచేస్తుంది.

ఇంకొకటి ఉంది, అందులో సగం తప్పు మాది. కెమెరా రిజల్యూషను పెంచాక ఫోటోలు 1.8 ఎంబీకి చేరాయి. మా ఎన్‌జిన్‌ఎక్స్ సర్వరులో పరిమితిని మేము మార్చలేదు, అది మొదటి నుంచీ 1 ఎంబీగానే ఉంటుంది. సర్వరు ఫైలు మరీ పెద్దదంటూ 413 అని తిప్పికొట్టింది, మాడ్యూలు మాత్రం "విజయవంతం" అనే అంది. అభ్యర్థనను పంపే కర్ల్_ఈజీ_పర్ఫార్మ్ ఫంక్షను సున్నా తిరిగిచ్చిందంటే రవాణా జరిగిందని మాత్రమే అర్థం. సర్వరు ఏ జవాబు చెప్పిందో విడిగా అడిగి తెలుసుకోవాలి, లేదా ఫెయిల్‌ఆన్‌ఎర్రర్ అనే ఐచ్ఛికాన్ని పెట్టాలి. ఆయన రెండూ చేయలేదు. సర్వరు అసలైనదేనా అని చూసే సర్టిఫికెటు తనిఖీని కూడా ఆపేసి ఉంచాడని తరువాత చూశాను.

కాబట్టి ఇలాంటిది కొనేవారు అడ్వాన్సు ఇవ్వకముందే మీ సొంత కెమెరా తీసిన ఫోటోను, యాదృచ్ఛిక బైట్లు ఇచ్చే డెవ్ యురాండమ్ నుంచి తీసిన 5 ఎంబీ ఫైలును వారి చేతే పంపించి, ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్యను లెక్కగట్టే షా256సమ్‌ను రెండు చోట్లా కొట్టి పోల్చండి. సర్వరును కావాలనే 500 (సర్వరులో లోపం) అనేలా చేసి మాడ్యూలు ఏమంటుందో చూడండి. మేక్‌ఫైలు తెరిచి చదవండి. ఆమోదం షరతులు కాగితం మీద రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది కదా అని నేను ధీమాగా ఉన్నాను గానీ, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారిని వినియోగదారుగా లెక్కించదు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. కంపెనీ పేరున, బిల్లు లేకుండా, మాట మీద కొన్న నాకు ఆ దారి పెద్దగా మిగల్లేదు.

ప్రస్తుతం మా బోర్డు మీద నడుస్తున్నది రెండు సాయంత్రాలు కూర్చుని నేనే మైమ్ ఫంక్షన్లతో రాసుకున్న చిన్న ప్రోగ్రాము. సర్వరు తిరిగి పంపిన షా256 సరిపోతేనే అది ఫోటోను చెరుపుతుంది. మిగతా 15,000 ఎప్పుడిస్తారని ఆయన శుక్రవారం ఫోను చేశాడు. తొమ్మిది రోజుల ఫోటోలు తెచ్చిస్తే ఆ సాయంత్రమే ఇస్తానన్నాను.